అదేదోరావు

బంతి భోజనాల్లో పప్పు వడ్డించాక, నెయ్యి రాకముందు కాస్త ఖాళీ దొరుకుతుంది. అదేదోరావు పని మొదలుపెట్టేది అప్పుడే. పక్క విస్తరివైపు ఒరిగి, గొంతు తగ్గించి, "అదేదో వచ్చేది చూడండీ, మన చిన్నప్పుడు, టీవీలో..." అంటాడు. పక్కాయన కొత్తవాడైతే "ఏదండీ?" అంటాడు. పాతవాడైతే నెయ్యి కోసం కేకేస్తాడు.

ఇలాంటివాడు ఊరికొకడైనా ఉంటాడు. అమ్మానాన్నలు ఏ పేరు పెట్టుకున్నా నా లెక్కలో వీళ్లంతా అదేదోరావులే. వయసు నలభై దాటి ఉంటుంది, అరవై నిండి ఉండదు. ఉద్యోగం, ఇల్లు, ఇంటి మీద అప్పు, షుగరు, అమెరికాలో ఓ పిల్లాడు, అన్నీ సమకూరాయి. సమకూరనిదల్లా ఒక సీరియల్ పేరు. పోనీ అందులో ఏముందో చెప్పమంటే ఒక కిటికీ అంటాడు, ఒక నవ్వు అంటాడు, మెట్లమీంచి దొర్లిన బంతి అంటాడు. కథ తెలీదు. వేసింది ఎవరో తెలీదు. ఏ వారం వచ్చేదో తెలీదు. "చాలా బాగుండేదండీ" అన్నది మాత్రం రూఢిగా తెలుసు.

తేలిగ్గా దొరికే వాటి మీద అతనికి గౌరవం లేదు. క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చే డిటెక్టివ్ ఎవరండీ అని మనం అడిగామనుకోండి, "కరంచంద్, 1985, పంకజ్ కపూర్" అని మూడు ముక్కల్లో మన నోరు మూయించేస్తాడు. శంకర్ నాగ్ అగుంబే వెళ్లి తీసిన ‘మాల్గుడి డేస్’ గురించి అడిగితే జవాబు కూడా చెప్పడు, జాలిగా చూస్తాడు. లోకానికంతా గుర్తున్నవాటిని తను కూడా గుర్తుపెట్టుకుంటే అందులో గొప్పేముంది? లోకమంతా మరిచిపోయి, తనొక్కడికే అరకొరగా గుర్తున్నదే సొంత ఆస్తి.

ఈ జాతి పుట్టడంలో సర్కారువారి చెయ్యి కూడా ఉంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది కానీ, దూరపు ఊళ్లకు ఆ బొమ్మ అందేది కాదు. 1983లో ఇన్శాట్-1బి పైకెళ్లింది. మరుసటేడు కొన్ని నెలలపాటు ఇంచుమించు రోజుకొకటి చొప్పున దేశమంతటా చిన్నచిన్న ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టుకుంటూ పోయారు. చాలావాటికి ఢిల్లీ పంపించిందే ప్రసాదం. హిందీ ముక్క రాని ఊళ్ల నెత్తిన ఒక్కసారిగా హిందీ వచ్చి పడింది. ‘హమ్ లోగ్’ చివర్లో అశోక్ కుమార్ వచ్చి ఏదో నీతి చెప్పి వెళ్లేవాడు. ఆయన చెప్పిందేమిటో తెలియకపోయినా, పెద్దమనిషి కదాని తలలూపిన కొంపలు కోస్తాలో కోకొల్లలు. చెవికెక్కే మాట వినాలంటే శాంతిస్వరూప్ గారు వార్తలు చదవాలి. అదీ హైదరాబాద్ అందే ఊళ్లో ఉంటే.

ఈ జాతికి తాతలూ ఉన్నారు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం అరువు తెచ్చి, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఏడాది తిరగ్గానే అమెరికావాళ్లు ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. బడి వరండాలో కూచుని అది చూసిన తెలంగాణ పెద్దాయన ఒకాయన నాకు తెలుసు. ఆయన వెతికేది ఒక కోతిని. "ఏం చేసేదండీ ఆ కోతి?" అని అడిగితే "నీళ్లు కాగవెట్టుకొని తాగుమని చెప్తుండె" అంటాడు. ఆయన మనవలు కోతి అనే మాట ఇంట్లో ఎత్తరు.

ఇక మా ఆఫీసు అదేదోరావు సంగతి. ఇతను విజయవాడ సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాడు. ఇతని కేసు ఇదీ:

"కిరీటం పెట్టుకున్న రాక్షసుడండీ. మంచి రాక్షసుడు. ఓ కుర్రాడు చేతి కంకణంతో ఏదో చెప్పగానే ఎగిరొచ్చేవాడు. వేళ్లలోంచి బాణాలు. కిరీటమేమో నీలం, ఒళ్లు ఎరుపు, కాళ్లు పచ్చ. పౌరాణికమే, అందులో అనుమానం లేదు. ఘటోత్కచుడి సీరియల్."

నోటితో చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆడి చూపిస్తాడు. మా మేనేజరుగారి అమ్మాయి పెళ్లిలో, ఫంక్షన్ హాల్లో, పప్పన్నం కలిపిన కుడిచెయ్యి విస్తట్లోనే ఉంచి, ఎడమ ముంజేతిని నోటి దగ్గరకు తెచ్చుకుని, కళ్లు పైకెత్తి, "ఘటోత్కచా!" అని పిలిచాడు. ముందు వరసలో సాంబారు బక్కెట్టు పట్టుకున్న కుర్రాడు తననే అనుకుని పరుగున వచ్చి రెండు గరిటెలు పోశాడు. అదేదోరావు వద్దనలేదు, ఎందుకంటే అప్పటికతను ఎగురుతున్నాడు.

జవాబులు చెప్పేవాళ్లు లేక కాదు. "బీఆర్ చోప్రా మహాభారతం అయ్యుంటుంది బావగారూ" అన్నాడొకాయన. "అది 1988 అక్టోబరులో మొదలైందండీ, అప్పటికి నేను ఏడో తరగతి. ఇది నేను నాలుగో తరగతిలో ఉండగా" అని కొట్టిపారేశాడు. ‘మాయాబజార్’ సినిమానే టీవీలో వేసుంటారని ఇంకొకాయన. "ఎస్వీ రంగారావుని గుర్తుపట్టలేనా అండీ!" సరైనది ఏదో తెలియనివాడు కానిది ఏదో ఇంత ధీమాగా చెప్పడం నేను ఇతని దగ్గరే చూశాను. పరీక్ష రాసేవాళ్లు మనం, దిద్దేది ఆయన. జవాబు కాగితం మాత్రం ఆయన దగ్గరా లేదు.

కాదన్నవాళ్ల కంటే ఔనన్నవాళ్లతోనే అసలు చిక్కు. "ఆఁ ఆఁ, నాకూ గుర్తొచ్చింది! తెల్లగుర్రం కూడా ఉండేది కదూ?" అన్నాడు ఇతని తోడల్లుడు, మాటవరసకి. ఆ రోజు నుంచి కేసులో గుర్రం చేరింది. ఆర్నెల్లు పోయాక గుర్రానికి రెక్కలొచ్చాయి. ఇప్పుడు గుర్రం తోడల్లుడిదని గుర్తు చేస్తే అదేదోరావు నొచ్చుకుంటాడు.

టైటిల్ పాట కూనిరాగం తీస్తాడు. మొదట్లో యుద్ధానికి వెళ్తున్నట్టే ఉంటుంది. రెండో చరణానికి దూరదర్శన్ లోగో తిరిగేటప్పుడు వచ్చే సంగీతం తగులుతుంది. అక్కణ్నుంచి ఎంత జాగ్రత్తగా నడిపించినా చివరికి వెళ్లి నిర్మా ప్రకటనలో తేలుతుంది. ప్రతిసారీ అక్కడే ఆగి, నుదురు రుద్దుకుని, "ఇదే, ఇంచుమించు ఇదే" అంటాడు.

ఇప్పుడు ఆ నీలం కిరీటం, ఎర్ర ఒళ్లు, పచ్చకాళ్ల సంగతి చెప్పాలి. వీళ్ల వీధికంతటికీ టీవీ ఉన్నది గార్డు బాబాయిగారింట్లో. ఈసీ టీవీ, నలుపు తెలుపు. చెక్క పెట్టెకి పక్కకు జరిపే తలుపులు, ఆ తలుపులకు తాళం. దాని అద్దం మీద, కలర్ టీవీ కొనలేని వాళ్లంతా తగిలించుకున్నట్టే, ఒక ప్లాస్టిక్ రేకు తగిలించారు. పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద పచ్చ. ఆకాశం, మనుషులు, గడ్డి అన్న ఉద్దేశం కాబోలు. దాంతో ఆ ఇంట్లో ఎవరు కనబడినా తల నీలం, పొట్ట ఎరుపు, కాళ్లు పచ్చ. రాజీవ్ గాంధీ నిలబడినా అంతే. ఈ మాట చెప్పి చూశాను. "రేకు సంగతి నాకు తెలీదేమిటి గురూగారూ, అది తీసేసి చూసినా కిరీటం నీలమే" అన్నాడు. రేకు తీసేసి చూసింది ఎప్పుడని అడగలేదు.

ఇంకో ఆధారం, తెల్లకోటు మహర్షి. రాక్షసుడు సముద్రం ఒడ్డున నిలబడి చెయ్యెత్తుతాడు. వెంటనే తెల్లకోటు వేసుకున్న ఒక కళ్లజోడాయన వచ్చి, చేతిలో వరికంకి పట్టుకుని చాలాసేపు ఏదో ఉపదేశిస్తాడు. ఇది విన్న ఎవరికైనా విషయం తెలిసిపోతుంది. రాక్షసుడు చెయ్యెత్తినప్పుడు కరెంటు పోయింది, వచ్చేసరికి వ్యవసాయదారుల కార్యక్రమం నడుస్తోంది. అదేదోరావు మాత్రం ఆ కంకిలో మంత్రశక్తి ఉందంటాడు. కరెంటు కోతల పుణ్యమా అని మన రాష్ట్రంలో ఇలా కలిసిపోయిన కథలు ఎన్నున్నాయో! హీరోయిన్‌కి పెళ్లి కుదిరిన మరుక్షణం తుపాను హెచ్చరిక రావడం, హంతకుడి మొహం చూపించే వేళకి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అట్ట వచ్చి నిలబడటం, ఇవన్నీ ఆయా కథల్లోని ఘట్టాలేనని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2020లో లాక్‌డౌన్ పెట్టి, మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మళ్లీ వేస్తే దేశమంతా కూచుని చూసింది. వెనకే ‘మహాభారత్’, ‘బ్యోమకేశ్ బక్షీ’, ‘సర్కస్’, ‘శక్తిమాన్’ వచ్చాయి. ఏప్రిల్లో పాతవాటి కోసమే డీడీ రెట్రో అని ఒక ఛానల్ తెరిచారు. అదేదోరావుకి పండగే అనుకున్నాను. ఫోన్ చేస్తే మండిపడుతున్నాడు. "రామాయణం ఎవరు మర్చిపోయారండీ? మర్చిపోనివి మళ్లీ వేసి ఏం లాభం? మర్చిపోయినవి కదా వెయ్యాలి!" ఆ మాటలో న్యాయం లేదని నేననలేను. ఆ రోజుల్లోనే వాళ్లావిడ, ఘటోత్కచుడు దొరికితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మొక్కుకున్నారు. దొరికితే ఆయన ఊరుకుంటాడని ఆవిడ ఆశ.

ఈమధ్య ఫోన్లో ఉండే కృత్రిమ మేధనీ అడిగాడు. అది పేరు, ఏడాది, దర్శకుడితో సహా ఈ భూమ్మీద లేని సీరియల్‌ని ఒకదాన్ని తీసి చేతిలో పెట్టింది. "కాదు" అంటే క్షమాపణ చెప్పుకుని మరొకటి ఇచ్చింది. దానికీ "కాదు" అంటే మరింత వినయంగా మూడోది. తెల్లగుర్రం మాట ఎత్తితే, ఔను, ఆ గుర్రం చాలామందికి గుర్తేనంది. ఇన్నేళ్లలో ఇంత మర్యాదగా మాట్లాడినవాళ్లు లేరని అతను రెండు రోజులు సంబరపడ్డాడు.

కేసు తేల్చింది మేనల్లుడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. ఓ ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగానే జరిగిందది. కుర్రాడు వివరమంతా విని, "ముందు ఘటోత్కచుణ్ని పక్కన పెట్టు మామయ్యా" అన్నాడు.

"ఘటోత్కచుణ్ని పక్కన పెడితే ఇంకేముందిరా?"

"చేతికున్నది కంకణం కాదనుకో, వాచీ అనుకో. వేళ్లలోంచి వచ్చేవి బాణాలు కాదు, క్షిపణులు. రాక్షసుడు కాదు, రోబో."

కాఫీ చల్లారే లోపల ఫోన్ ముందుకు జరిపాడు. ‘జెయింట్ రోబో’. జపాన్‌లో తోయీ కంపెనీ 1967-68లో తీసింది, మొత్తం 26 భాగాలు. మూలం యొకోయామా మిత్సుతెరు గీసిన బొమ్మల కథ. అమెరికావాళ్లు ఇంగ్లీషు మాటలు అతికించుకుని తమ పిల్లలకు చూపించుకున్నారు. ఆ ఇంగ్లీషుదే ఎనభైల్లో మన దూరదర్శన్‌కి చేరింది. వాచీలోకి మాట్లాడి రోబోను పిలిచే కుర్రాడి పేరు జానీ సోకో. రోబో తల ఈజిప్టు ఫారో తలపాగాలా చేశారు. అదే మన కిరీటం.

అదేదోరావు కళ్లజోడు తుడుచుకుని చూశాడు. కుర్రాడు ముంజేతిని నోటి దగ్గర పెట్టుకున్నాడు. రోబో లేచింది. వేళ్లలోంచి నిప్పులు వచ్చాయి. నేను, వాళ్లావిడ, మేనల్లుడు, ముగ్గురం అతని మొహమే చూస్తున్నాం. ఆవిడైతే చీరకొంగు సర్దుకుని వ్రతానికి సిద్ధంగా ఉన్నారు.

"కిరీటం అదే. చెయ్యి అదే. ఎగరడం అదే" అన్నాడు. కాసేపాగి, "కానీ ఇది కాదు."

"ఇంకేం కావాలి మామయ్యా!"

"శశిరేఖ ఏదిరా? సముద్రం అడుగునున్న నరకాసురుడి తమ్ముడేడి? వీడికి వాళ్ల నాయనమ్మ ఇచ్చిన శాపం ఏది?"

సముద్రం అడుగున దాక్కునే దుష్టుడు ఉన్నమాట నిజమే, చక్రవర్తి గిలెటిన్ అని, వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. శశిరేఖా శాపమూ మాత్రం 26 భాగాలు గాలించినా దొరికేవి కావు. మేనల్లుడు ఆఖరి భాగం తీసి చూపించాడు. అందులో రోబో ఆ దుష్టుణ్ని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి రమ్మని కుర్రాడు ఎంత మొత్తుకున్నా వినకుండా, ఆకాశంలోకి వెళ్లిపోయి వాడితోపాటే పేలిపోతుంది. అదేదోరావుకి మరీ కోపం వచ్చింది. "ఘటోత్కచుడు కౌరవసేన మీద పడాలి కదా! పైకి పోవడమేమిటి? కథే మార్చేశారు."

అప్పుడు మేనల్లుడు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "ఇంతకీ ఇది ఘటోత్కచుడి కథని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంట్రా? గార్డు బాబాయిగారు. పక్కన కూచుని ప్రతి మాటా తెలుగులో చెప్పేవారు. ఖరగ్‌పూర్ దాకా డ్యూటీ చేసిన మనిషి. హిందీ, ఇంగ్లీషు రెండూ కొట్టినపిండి."

బాబాయిగారు ఇప్పుడు గోపాలపట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి కలిపాం. కుశలప్రశ్నలయ్యాక అదేదోరావు తన గోడు వెళ్లబోసుకున్నాడు. జపాన్‌వాళ్లు కథంతా పాడుచేశారని ఫిర్యాదు చేశాడు. అవతల్నుంచి చాలాసేపు దగ్గు, తర్వాత నవ్వు.

"నాకు ఇంగ్లీషు ఎక్కడిదిరా?" అన్నారాయన. "బండి నంబరు, స్టేషన్ పేరు, రైట్ టైము, లేటు. నాకొచ్చిన ఇంగ్లీషంతా గార్డు పుస్తకంలో ఆ నాలుగు గళ్లలోనే ఉంది."

"మరి హిందీ?"

"చాయ్, పానీ, పీఛే హటో."

"మరైతే ఘటోత్కచుడు..."

"ఏం చెయ్యమంటావురా! ఇంటినిండా పిల్లలు. ‘ఏమంటున్నాడు బాబాయిగారూ, ఏమంటున్నాడు’ అని ప్రాణం తీసేవారు. ఆ పైన మీ పిన్నిగారు వంటింట్లోంచి వింటుండేది. రెండు భాషలూ వచ్చని చెప్పించే పెళ్లి కుదుర్చుకున్నాను. ఆవిడ వింటుండగా తెలీదని ఎలా అనమంటావు? వాడు కిరీటంతో కనబడ్డాడు, ఎగిరాడు. ఘటోత్కచుడు అనేశాను. ఒకసారి అన్నాక వారం వారం నడపాలి కదా. నడిపాను."

అదేదోరావు మొహం చూడాలి. చిన్నబోతాడనుకున్నాను. అదేం లేదు. కుర్చీ ఫోన్ దగ్గరకు లాక్కున్నాడు.

"అయితే శశిరేఖ, శాపం, నరకాసురుడి తమ్ముడు, అన్నీ మీరు కల్పించినవేనా?"

"అన్నీ నావే. ఆ తెల్లకోటువాణ్ని మాత్రం కరెంటు ఇచ్చింది. వాడొచ్చి కూచున్నాక మహర్షిని చెయ్యక తప్పలేదు."

ఇంతలో వెనకనుంచి ఆడగొంతు వినబడింది. పిన్నిగారు ఫోన్ లాక్కున్నట్టున్నారు. "నాయనా, ఆయనకి ఇంగ్లీషు రాదన్న సంగతి పెళ్లయిన మూడోరోజునే మా తమ్ముడు కనిపెట్టాడు. ఉత్తరం మీద అడ్రసు చదవమంటే బాత్రూంలోకి వెళ్లిపోయారు."

"మరి మీరెప్పుడూ అనలేదేం పిన్నిగారూ?"

"అంటే ఆపేస్తారని ఊరుకున్నాను. చారు పోపు మాడగొట్టుకుని మరీ వినేదాన్ని."

అదేదోరావు ఎన్నేళ్లుగానో దాచుకున్నది అప్పుడు బయటపెట్టాడు. "పిన్నిగారూ, ఆఖరి వారం వాడు చెయ్యెత్తగానే కరెంటు పోయింది. ఆ తర్వాత మాకు బదిలీ అయ్యింది. శాపం తీరిందా లేదా? చివరికి ఏమైంది?"

"ఆ మాటే ఆయన్నడుగు" అన్నారావిడ. "కరెంటు రాగానే చెబుతానన్నారు. నాకూ చెప్పలేదు."